పొత్తులో కట్టిన ఇళ్లు: షోలాపూరు తెలుగువారు, గృహనిర్మాణ సహకార సంఘాలు

రాష్ట్రేతరాంధ్రుల చరిత్ర రాసేవారు సాధారణంగా గుడులు, బడులు, గ్రంథాలయాలు, నాటక సమాజాలు, పత్రికలు మొదలైనవాటిని లెక్కకు తీసుకుంటారు. అవి ముఖ్యమైనవే. అయితే వలస వచ్చిన మనిషికి గుడి కంటె, బడి కంటె ముందు కావలసింది తల దాచుకొనే చోటు. ఆ చోటు అద్దెదా, సొంతమా, నలుగురితో కలిసి సంపాదించుకొన్నదా అన్న ప్రశ్న మీద ఆ కుటుంబం రెండవ తరంలో ఏ భాష మాట్లాడుతుంది, పిల్లలు ఏ బడికి పోతారు, ఆడవారి పేరున ఏముంటుంది అన్న సంగతులు చాలవరకు ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఇళ్ల చరిత్ర కూడ మన చరిత్రలో భాగమే. ఈ వ్యాసంలో గృహనిర్మాణ సహకార సంఘం అనే వ్యవస్థను, అందులో షోలాపూరు తెలుగువారు సభ్యులుగా చేరిన తీరును పరిశీలించడం మా ఉద్దేశం.

పొత్తు, పాలు, వాటా

ముందుగా మాటల సంగతి చూద్దాం. ‘సహకారం’ అన్న మాట మన గ్రామాలకు కాగితాల ద్వారా వచ్చింది. కాని పని కొత్తది కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఎద్దులు కొన్నా, బావి తవ్వించుకొన్నా దానిని మనవారు పొత్తు అన్నారు. పొత్తులో ఒక్కొక్కరికి వచ్చేది పాలు. ‘పాలు’ అచ్చమైన ద్రావిడ పదం; తమిళంలో ‘పాల్’ దానికి చుట్టమే. ‘వాటా’ అలా కాదు. మరాఠీలో ‘వాటా’ అంటే భాగమే. ఆ భాషతో కలిసి బ్రతికిన కాలంలో అది మనకు వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా సహకార సంఘంలో చేరే తెలుగువాడు ‘వాటాధనం’ చెల్లిస్తాడు. తాను చెప్పే మాట పొరుగు భాషదన్న స్పృహ అతనికి ఉండదు. రెండు జాతులు కలిసి బ్రతికిన చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇటువంటి చిన్న మాటలోనే నిలిచి ఉంటుంది.

రాచ్‌డేల్ నుంచి గామ్‌దేవి దాకా

ఆధునిక సహకారోద్యమానికి ఆరంభంగా 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో వెలసిన సంఘాన్ని చెబుతారు. 28 మందితో మొదలైన ఆ సంఘంలో ఫ్లానెల్ నేతగాండ్రు ఉన్నారు. అందరికీ తెలిసింది వారు పెట్టిన కిరాణా దుకాణం. కాని వారి తొలి నియమావళిలో దుకాణంతో పాటు సభ్యులు నివసించడానికి ఇళ్లు కొనడం లేక కట్టించడం కూడ లక్ష్యంగా ఉంది. దుకాణం వెంటనే తెరుచుకొన్నది. ఇళ్లు అంత సులభంగా రాలేదు. ఇది విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. బియ్యం, పిండి పొత్తులో కొనడానికి కొద్దిపాటి సొమ్ము చాలు. ఇంటికి భూమి కావాలి, దీర్ఘకాలపు అప్పు కావాలి, ఆ అప్పు తీరేదాకా ఒకరినొకరు నమ్మే ఓపిక కావాలి.

మన దేశంలో 1904 నాటి సహకార చట్టం పరపతి సంఘాలకు మాత్రమే వర్తించింది. ఇతర రకాల సంఘాలకు 1912 చట్టం దారి తెరిచింది. మైసూరు సంస్థానానికి 1905 నుంచే సొంత చట్టం ఉండేది. అందువల్ల 1909లోనే బెంగుళూరులో గృహనిర్మాణ సహకార సంఘం ఏర్పడింది. దానిని దేశంలో మొదటిదిగా పేర్కొంటారు. బొంబాయిలో 1915లో గామ్‌దేవి ప్రాంతంలో సారస్వత గృహనిర్మాణ సహకార సంఘం నమోదయింది. దానికి మూలపురుషుడు శ్రీపాద సుబ్బారావు తాల్మకి. అంతకు ముందే, 1906లో, ఆయన శ్యామరావు విఠల్ సహకార బ్యాంకును స్థాపించారు.

ఈ బొంబాయి ఉదాహరణను కొంచెం నిలిచి చూడాలి. చిత్రాపుర సారస్వతులు కెనరా తీరం నుంచి ఉద్యోగాలకు బొంబాయి వచ్చినవారు. ఇంట్లో కొంకణి, ఊళ్లో కన్నడం, బొంబాయిలో మరాఠీ, కచేరీలో ఇంగ్లీషు. సంఖ్యలో చిన్న సమాజం. వారికి ముందు బ్యాంకు, తరువాత ఇళ్లు. నెలజీతం వచ్చే గుమాస్తాలు, ఉపాధ్యాయులు కాబట్టి నెలనెలా వాటాసొమ్ము కట్టగలిగారు. లెక్కలు, సమావేశపు మినిట్సు తామే రాసుకోగలిగారు. చదువు, నెలజీతం, పరస్పర పరిచయం అనే మూడింటి బలం మీద తొలినాటి గృహ సహకార సంఘాలు నిలబడ్డాయి.

అదే బొంబాయిలో మన తెలుగువారి పరిస్థితి వేరు. నిజాం రాజ్యం నుంచి వెళ్లిన కామాటులు ఆ నగరపు కట్టడాలకు రాళ్లు మోశారు. కామాఠీపుర అన్న పేట పేరే అందుకు సాక్ష్యం. ఊరి కట్టడాలు వారి చేతుల మీదుగా లేచాయి. కాని వారిలో అధిక సంఖ్యాకులు చాళ్లలో, గుడిసెల్లో అద్దెకున్నారు. రోజుకూలికి వాటాధనం ఎక్కడ నుంచి వస్తుంది? సంఘం అందరికీ తెరిచి ఉన్నదని చట్టం చెప్పినా, నెలజీతం లేనివానికి ఆ గడప ఎత్తుగానే కనిపించింది.

షోలాపూరుకు వచ్చినవారు

షోలాపూరుకు 1860లో రైలు వచ్చింది. 1870ల దశకంలో మొదటి నూలు మిల్లు వెలసింది. దానినే తరువాత ‘జునీ మిల్’, అంటే పాత మిల్లు, అన్నారు. దాని వెనుక మరికొన్ని మిల్లులు వచ్చాయి. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, మెదకు, మహబూబ్‌నగరం ప్రాంతాల నుంచి పద్మశాలీలు ఈ ఊరికి వలస వచ్చారు. కరువు కాలాలు, మిల్లు గుడ్డ పోటీ, చేతిమగ్గానికి నూలు అప్పుగా తెచ్చుకొనే దుస్థితి ఇటువైపు నుంచి తోశాయి. మిల్లులో, మగ్గాల కార్ఖానాల్లో దొరికే పని అటువైపు నుంచి లాగింది. ఊరికి తూర్పు పేటలు తెలుగు పేటలయ్యాయి. మార్కండేయుని గుడి, శ్రావణ పూర్ణిమ నాటి రథోత్సవం, పద్మశాలి విద్యాసంస్థలు ఆ పేటలకు గుర్తులు. షోలాపూరు దుప్పటి తెలుగునాట ప్రతి ఇంటా తెలిసిన వస్తువు. 2005లో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించింది.

మగవారు మగ్గం మీద ఉంటే ఆడవారు బీడీలు చుట్టారు. ఒడిలో చాట, చేతిలో కత్తెర, పక్కన తునికాకు, తంబాకు. ఈ పని కార్ఖానాలో కాదు, ఇంట్లోనే. అందువల్ల ఇల్లు వారికి నివాసం మాత్రమే కాక పనిచోటు కూడ. పదడుగుల గదిలో పొయ్యి, పసిపిల్ల, మగ్గం సామాను, తంబాకు ధూళి అన్నీ ఒకచోటే. ఇంటి సమస్యనూ కూలి సమస్యనూ విడదీయడం ఇటువంటి చోట సాధ్యం కాదు. షోలాపూరులో బీడీ కార్మికుల సంఘం కూలిరేటుతో పాటు ఇంటిని కూడ అడగడానికి మూలకారణం ఇదేనని మా అభిప్రాయం.

పార్లమెంటు 1966లో బీడీ, సిగారు కార్మికుల ఉద్యోగ నిబంధనల చట్టాన్ని చేసింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం, దానితో పాటు సెస్సు చట్టం వచ్చాయి. బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ నిధి నుంచి వైద్యం, పిల్లలకు విద్యార్థి వేతనాలు, ఇళ్లకు సహాయం ఇచ్చారు. కాబట్టి ఆ సహాయాన్ని దానమని అనకూడదు. వారు చుట్టిన బీడీ మీద వచ్చిన సొమ్మే వారి వద్దకు తిరిగి వచ్చింది.

కుంభారి

దక్షిణ షోలాపూరు తాలూకాలోని కుంభారి వద్ద కట్టిన పదివేల ఇళ్లు ఈ చరిత్రలో పెద్ద ఘట్టం. సంఘం పేరులో ‘కామ్రేడ్ గోదూతాయి పరులేకర్’, ‘మహిళా విడీ కామ్‌గార్’, ‘సహకారీ గృహనిర్మాణ్ సంస్థా’ అన్న మాటలన్నీ ఉన్నాయి. గోదావరి పరులేకర్ (1907–1996) వార్లీ ఆదివాసుల పోరాటానికి నాయకత్వం వహించిన మహిళ. ఆ పోరాటాన్ని గురించి ఆమె మరాఠీలో రాసిన గ్రంథానికి సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. షోలాపూరులో ఈ ఉద్యమాన్ని నడిపినవారు బీడీ కార్మిక నాయకుడు నరసయ్య ఆడం. ఊళ్లో ఆయనను ఆడం మాస్టర్ అంటారు. ఆయన పద్మశాలి తెలుగు కుటుంబానికి చెందినవారు. మహారాష్ట్ర శాసనసభ సభ్యుడుగా కూడ పనిచేశారు.

ఇంటి ఖర్చు 60 వేల రూపాయలు. అందులో కేంద్రం 20 వేలు, రాష్ట్రం 20 వేలు, సభ్యురాలు 20 వేలు భరించే ఏర్పాటు. 2006లో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఇళ్లను అప్పగించారు. సంఖ్య పెద్దది కావడం ఒక విశేషం. అంతకంటె గమనార్హమైన విశేషం సంఘం పేరులోని ‘మహిళా’ అన్న మాట. బీడీ చుట్టే స్త్రీయే సభ్యురాలు. మగ్గం మగవాని పేర, అద్దె రసీదు మగవాని పేర ఉండే సమాజంలో వాటాపత్రం స్త్రీ పేర వచ్చింది. తెలుగు సమాజ చరిత్ర రాసేవారు దీనిని ఒక వాక్యంతో దాటివేయకూడదు.

గామ్‌దేవి సంఘానికీ కుంభారి సంఘానికీ తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. మొదటిదానికి సభ్యుల జీతాలే ఆధారం. రెండవదానికి సభ్యుల సొమ్ములో లోటు ఉన్నది. ఆ లోటును పూడ్చినవి కార్మిక సంఘపు ఐకమత్యం, ప్రభుత్వ నిధులు. మొదటివారు ఒక సమాజానికి చెందినవారు కాబట్టి కలిశారు. రెండవవారు ఒకే పని చేసేవారు కాబట్టి కలిశారు. బీడీ చుట్టే ఆమె తెలుగుదైనా, కన్నడదైనా, మరాఠీదైనా, ఉర్దూ మాట్లాడేదైనా సంఘానికి ఒకటే.

లెక్కలో వచ్చిన మార్పు

ఆ తరువాత కుంభారి దగ్గరే రే నగర్ పేరున 30 వేల ఇళ్ల పథకం వచ్చింది. 2019 జనవరి 9న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దానికి శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న 15 వేల ఇళ్లను అప్పగించారు. బీడీ కార్మికులతో పాటు చేనేత, మరమగ్గాల పనివారు, వీధి వ్యాపారులు, చిత్తుకాగితాలు ఏరేవారు, డ్రైవర్లు ఇందులో లబ్ధిదారులు.

2019లో ప్రకటించిన అంచనా ప్రకారం ఈ పథకం ఖర్చు సుమారు 1,811 కోట్ల రూపాయలు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సహాయం 750 కోట్లు. అంటే ఇంటికి సుమారు 6 లక్షల ఖర్చులో సహాయం రెండున్నర లక్షలు. తక్కిన మూడున్నర లక్షలు సభ్యుల సొమ్ము, సభ్యులు తీర్చవలసిన అప్పు. వెనుకటి పథకంలో సభ్యురాలి వంతు మూడింట ఒకటి. ఈ అంచనాలో అది నూటికి 58 దాటింది. రెండు పథకాల ఇళ్ల వైశాల్యం, నిర్మాణం, కాలం వేరు కాబట్టి ఈ పోలికను మితిమీరి లాగకూడదు. కాని దిశ మాత్రం కనిపిస్తూనే ఉన్నది. పైగా 2017లో వస్తు సేవల పన్ను వచ్చిన సందర్భంలో బీడీ సెస్సు చట్టం రద్దయింది. తమ పని మీద వచ్చే సొమ్ముతో తమ ఇల్లు అన్న ప్రత్యేకమైన ఏర్పాటు స్థానంలో పేదలందరికీ వర్తించే సాధారణ పథకం నిలిచింది. దానివల్ల ఎక్కువ మందికి తలుపు తెరుచుకొన్నది. అదే సమయంలో అప్పు భారం పెరిగింది. రెండూ నిజమే. ఒకదానిని చెప్పి మరొకదానిని దాచడం చరిత్రకారుని పని కాదు.

ఎవరు సభ్యులు?

తెలుగు విద్యార్థులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. సారస్వతులు కట్టుకొన్నట్లు తెలుగువారు తెలుగువారికే ఒక గృహ సంఘం పెట్టుకోరాదా? అప్పుడు భాష నిలుస్తుంది గదా?

చట్టం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం తెలుసుకోవాలి. అహమ్మదాబాదులో 1925 నాటి బొంబాయి చట్టం కింద నమోదైన జొరాస్ట్రియన్ గృహనిర్మాణ సంఘం పార్సీలకు మాత్రమే సభ్యత్వం అన్న ఉపవిధిని పెట్టుకొన్నది. అది చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005లో కోర్టు ఆ ఉపవిధి చెల్లుతుందని తీర్పు చెప్పింది. తమకు నచ్చినవారితో సంఘంగా ఏర్పడడం పౌరుల హక్కు అన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన ఆధారం. మరోవైపు మహారాష్ట్ర 1960 చట్టం, తగిన కారణం లేనిదే అర్హునికి సభ్యత్వం నిరాకరించకూడదని చెబుతుంది. దరఖాస్తు మీద మూడు నెలలలోగా నిర్ణయం తెలపకపోతే సభ్యత్వం ఇచ్చినట్లే భావించాలని కూడ చెబుతుంది.

మా అభిప్రాయం ఇది. ఒకే భాషవారు కలిసి ఉంటే పిల్లల నాలుక మీద ఆ భాష కొంతకాలం అదనంగా నిలుస్తుందన్న మాట వాస్తవం. కాని రాష్ట్రం వెలుపల మనం ప్రతిచోటా తక్కువ సంఖ్యలో ఉన్నాము. ఒక ఊళ్లో మన కోసం పది ఇళ్ల తలుపులు తెరిచే నియమమే వంద ఊళ్లలో మన ముందు తలుపులు మూయగలదు. ఆ నియమాన్ని కోరుకొనే ముందు ఈ లెక్క వేసుకోవాలి. పని ఆధారంగా కలిసిన కుంభారి సంఘంలో పొరుగు భాషలు పక్క గడపలోనే ఉన్నా, తెలుగు ఇళ్లు తెలుగు ఇళ్లుగానే ఉన్నాయి.

సంతకం

భాష నిలవడం, నిలవకపోవడం ఇరుగుపొరుగుల వల్ల మాత్రమే జరగదు. కాగితం వల్ల కూడ జరుగుతుంది. ఈ సందర్భంలో మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది.

మా బాపు మగ్గం పనివారు. చిన్నప్పుడు పంతులు దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకొన్నారు. మరాఠీ మాట్లాడేవారు కాని రాసేవారు కారు. 1980 ప్రాంతంలో మేము పిల్లలుగా ఉన్నప్పుడు ఆయన ఒక చిన్న గృహ సంఘంలో చేరారు. దరఖాస్తు మీద తెలుగులో సంతకం చేశారు. అక్కడి గుమాస్తా ఆ అక్షరాలు చూసి, ఇది తనకు చదవరాదు కాబట్టి పక్కన వేలిముద్ర వేయమన్నాడు. బాపు చాలాసేపు కాగితం వంక చూశారు. “అక్షరాలు అచ్చినోనికి ఏలుముద్ర ఎందుకు?” అన్నారు. మరాఠీలోకి మార్చి చెప్పవలసినవాళ్లం మేమే. మేము చెప్పలేదు. ఇల్లు తప్పిపోతుందేమోనని భయం. బాపు వేలిముద్ర వేశారు. ఆ కాగితం నకలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. తెలుగు సంతకం, దాని పక్కనే సిరా మరక.

ఆ ఇల్లు మా కుటుంబాన్ని నిలబెట్టింది. మా చదువు ఆ ఇంట్లోనే సాగింది. కాబట్టి ఆ సంఘం పట్ల మాకు కృతజ్ఞత ఉన్నది. అయినా ఆనాడు మేము నోరు విప్పకపోవడం మాత్రం మరపునకు రాదు. తరువాత భాషాశాస్త్రం చదివి, షోలాపూరు తెలుగును పరిశీలించినప్పుడు మాకు అదే చిత్రం మాటల్లో కనిపించింది. వంటింటి మాటలు, చుట్టరికపు మాటలు, పండుగ మాటలు తెలుగులోనే ఉన్నాయి. కచేరీ మాటలు మాత్రం మరాఠీవి: సభ్యుడు ‘సభాసద్’, మూలధనం ‘భాగ్‌భాండవల్’, కిస్తు ‘హప్తా’, తాళంచెవి ‘చావీ’. “హప్తలు కట్టినం, చావీ ఇచ్చిన్రు” అన్న వాక్యంలో క్రియలు మనవి, నామాలు వారివి. కాలనీని ‘ఘర్‌కుల్’ అంటారు. మరాఠీలో అది చిన్న ఇల్లు అన్న అర్థంలో ముద్దుగా వాడే మాట. కాని “ఘర్‌కుల్ల మా ఇల్లు” అన్నప్పుడు కాలనీ మాత్రమే ఘర్‌కుల్, లోపలిది ‘ఇల్లు’. ఆ ఒక్క మాట గడప లోపల నిలిచింది.

మాటలు అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. ‘వాటా’ను మనం ఎన్నడో తెచ్చుకొన్నాము. కాని అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయడం వేరు. సహకార సంఘంలో వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఉపవిధులను, సర్వసభ్య సమావేశపు మినిట్సును, తన ఖాతాను చూచే హక్కు సభ్యునికి ఉన్నది. చదవలేనివానికి ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. ఈ మాట షోలాపూరుకు మాత్రమే పరిమితం కాదు. కర్ణాటకలో 1959 చట్టం, ఒడిశాలో 1962 చట్టం, యానాం ఉన్న పుదుచ్చేరిలో 1972 చట్టం, తమిళనాడులో 1983 చట్టం ఉన్నాయి. వివరాలు మారవచ్చు, తెలుగు ఇంట్లో అమ్మ, బాపు, తాత ఎదుర్కొన్న ప్రశ్న ఒకటే.

అందువల్ల ఈ పత్రిక చదివే విద్యార్థులకు రెండు పనులు సూచిస్తున్నాము. మొదటిది, మీ ఇంటి పెట్టెలో ఉన్న వాటాపత్రం, రసీదు, పాత దరఖాస్తు తీసి చూడండి. ఎవరి పేర ఉన్నది, ఏ లిపిలో సంతకం ఉన్నది, ఏ సంవత్సరం అన్న మూడు విషయాలు రాసి పెట్టండి. మన ఇళ్ల చరిత్రకు ఇంతకు మించిన ఆధారాలు లేవు. రెండవది, మీ పేటలో ఉన్న సంఘపు ఉపవిధులను పొరుగు భాషలో చదివి, ఇంట్లో పెద్దవారికి తెలుగులో చెప్పండి. రెండు భాషలు వచ్చిన మనకు అది పెద్ద శ్రమ కాదు. మేము పిల్లలుగా ఉన్నప్పుడు చేయవలసి ఉండి చేయలేకపోయిన పని అది.